"మమ్మును" అని ఉందా, "మనలను" అని ఉందా? (2 కొరింథీ 1:4)

అడిగినవారు, బాపట్ల:
అందరికీ వందనాలు. ఒక్క మాట పట్టుకుని పదిహేను రోజులుగా తిరుగుతున్నాను. మా బాబు పోయిన నాలుగో రోజు ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. అయ్యగారు వాక్యం చెప్పి ప్రార్థన చేశారు, టీలు తాగి అందరూ వెళ్ళిపోయారు. మా వీధి చివరి పిన్నిగారు మాత్రం ఉండిపోయారు. పన్నెండేళ్ళ కిందట ఆవిడ కూతురు కూడా ఇలాగే జ్వరంతో పోయింది. వంటింట్లో నా వెనక కింద కూర్చుని, నాలుగు రోజులుగా దువ్వని నా జడ విప్పి, చిక్కు తీస్తూ, పుస్తకం లేకుండా ఆ వచనం చెప్పారు. నాకు వినపడింది "దేవుడు మనలను ఏ ఆదరణతో ఆదరించుచున్నాడో" అని. తర్వాత బైబిలు తీసి చూస్తే "మమ్మును" అని ఉంది. ఆవిడ ఇంట్లో ఉన్నదీ ఈ పాత అనువాదమే. "మనలను" అని ఉన్న ముద్రణ ఎవరైనా చూశారా? లేక నేనే తప్పు విన్నానా?

ఒంగోలు మాస్టారు:
అమ్మా, దేవుడు మీకు తోడుండుగాక. మాట విషయానికొస్తే, అది "మమ్మును" అనే. సందేహం అక్కర్లేదు. ఉత్తరం రాస్తున్నది పౌలు, తిమోతి. వినేది కొరింథువాళ్ళు. మూలభాష గ్రీకులో "హేమాస్" ఒక్కటే, మన మేము, మనము తేడా ఆ భాషకు లేదు. కాబట్టి తెలుగు చేసినవాళ్ళు ప్రతిచోటా ఆగి తేల్చుకోవాలి. మూడో వచనంలో "మన ప్రభువైన యేసుక్రీస్తు" అని రాసిన చెయ్యే నాలుగులో "మమ్మును" అని రాసింది. తెలిసి చేసిన పనే అది. ఆరో వచనం చూడండి: "మేము శ్రమ పొందినను మీ ఆదరణకొరకును రక్షణకొరకును పొందుదుము". మేము అటు, మీరు ఇటు.

విజయవాడ నుంచి:
మాస్టారూ, ఆరు దగ్గరే ఆగిపోతే ఎలా? ఏడు కూడా చదవండి. "మీరు శ్రమలలో ఏలాగు పాలివారై యున్నారో, ఆలాగే ఆదరణలోను పాలివారై యున్నారు". ఆరులో కట్టిన గోడని ఏడులో ఆయనే తీసేశాడు. ఏడు నుంచి వెనక్కి చదివితే నాలుగులో "మనలను" అన్నా తప్పు లేదు.

ఒంగోలు మాస్టారు:
ఎనిమిది కూడా చదవండి మరి. "ఆసియలో మాకు తగిలిన శ్రమను గూర్చి మీకు తెలియకుండుట మాకిష్టము లేదు". తెలియనివాళ్ళకి చెప్తున్నాడు. తెలియనివాళ్ళు "మన"లోకి ఎలా వస్తారు?

అమలాపురం నుంచి:
ఈ "పాలివారు" దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మా వైపు పాలివాళ్ళంటే దాయాదులు, ఇంట్లో చావొస్తే మైల పట్టేవాళ్ళు. చుట్టాలు వస్తారు, ఏడుస్తారు, వెళ్తారు. పాలివాళ్ళకి మాత్రం ఆ చావు వాళ్ళ ఇంటి చావే. "భాగస్థులు" అనకుండా "పాలివారు" అన్నారంటే ఆ అనువాదకులకి తెలుగు ఊరు తెలుసు. దీనిమీద ఎవరూ రాయకపోవడం నాకు బాధగా ఉంటుంది.

హైదరాబాద్ నుంచి:
నాకు అసలు పేచీ "ఆదరణ"తోనే. సినిమాకి ప్రేక్షకాదరణ, కవికి రాజాదరణ. ఏడ్చేవాళ్ళకి కావాల్సింది ఓదార్పు కదా? మత్తయి 5:4లో "దుఃఖపడువారు ధన్యులు, వారు ఓదార్చబడుదురు" అన్నారు. గ్రీకులో అక్కడా ఇక్కడా క్రియ ఒక్కటే, పారాకలేయో. పిల్లల కోసం ఏడ్చే రాహేలు "ఓదార్పు పొందనొల్లక" ఉంది. లాజరు పోయినప్పుడు అతని అక్కచెల్లెళ్ళు మార్త, మరియల దగ్గరికి వచ్చినవాళ్ళు "ఓదార్చుటకై" వచ్చారు. మరి పౌలు దగ్గర మాత్రం ఆదరణ ఎందుకు?

నా సిద్ధాంతం ఒకటుంది. పారా అంటే పక్కన, కలేయో అంటే పిలవడం. చావింటికి వెళ్ళడాన్ని మన ఊళ్ళలో ఏమంటాం? "పలకరింపుకి వెళ్ళొచ్చాం" అంటాం. పక్కన కూర్చుని పేరు పెట్టి పిలవడం. ఆ మాట కళ్ళెదురుగా ఉండగా సంస్కృతం ఎందుకు పెట్టారో నాకు అర్థం కాదు.

ఒంగోలు మాస్టారు:
పలకరింపు బాగుంది, కానీ అది ఒక పూట పని. యోహాను 14:16లో పరిశుద్ధాత్మకి "పలకరించువాడు" అని పెట్టండి, నిలుస్తుందా? "ఆదరణకర్త" నిలిచింది. బిడ్డల్ని పోగొట్టుకున్న యోబు కూడా వచ్చిన స్నేహితులతో "మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలుకారు" అన్నాడు. వాళ్ళూ పలకరింపుకే వచ్చారు మరి! ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద మాట లేకుండా కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు. నోరు విప్పాకే చెడింది.

వినుకొండ నుంచి:
మా ఊరి కవి గుర్రం జాషువా గారిని తలవకుండా ఆదరణ గురించి మాట్లాడితే మా ఊరివాణ్ణి, ఊరుకోలేను. ఆదరం అంటే సంస్కృతంలో ముందు గౌరవం. కులం పేరుతో సభల్లో అవమానాలు పడ్డ మనిషి ఆయన. హిందువులు అంటరానివాడన్నారు, కావ్యాలు రాస్తుంటే క్రైస్తవుల్లోనూ కొందరు వెలివేసినట్టు చూశారు. అలాంటి ఆయన కాలికి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు స్వయంగా గండపెండేరం తొడిగారు. దాన్ని ఓదార్పు అని ఎవరైనా అంటారా? ఆదరణే అది. ఓదార్పుతో ఏడుపు ఆగుతుంది, ఆదరణతో మనిషి లేచి నిలబడతాడు. ఆ నిలబడ్డ మనిషి 1964లో క్రీస్తు చరిత్రకి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నాడు. అంతకుముందే గబ్బిలం కావ్యంలో తన గాయాన్ని గుడి గడప దాటలేని ప్రతివాడి గాయంగా చేసి పాడాడు. "ఆ ఆదరణతో ఎట్టి శ్రమలలో ఉన్నవారినైనను ఆదరించుటకు" అంటే నాకు అదే కనిపిస్తుంది.

అమలాపురం నుంచి:
గబ్బిలంలో కబురు వెళ్ళేది శివుడికి కదండీ, పౌలు దగ్గరికి ఎలా తెచ్చారు?

వినుకొండ నుంచి:
శివుడికే. అయినా ఆ పద్యాలు చదివి ధైర్యం తెచ్చుకున్నవాళ్ళని మా ఇంట్లోనే చూశాను. మా తాతగారు రాత్రిళ్ళు అరుగు మీద పాడుకునేవారు, వినడానికి వీధిలోవాళ్ళు వచ్చి కూర్చునేవారు.

గుంటూరు, పాస్టరమ్మ:
అక్కా, నేను ఇరవై ఏళ్ళుగా ఆదరణ కూడికలకి వెళ్తున్నాను. ఈ వచనం చదివేటప్పుడు "మమ్మును" దగ్గర నాకూ గొంతు తడబడుతుంది. బిడ్డని పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి "దేవుడు మమ్మును ఆదరించుచున్నాడు" అంటే ఆమెని వాకిట్లో వదిలేసి తలుపు వేసుకున్నట్టు ఉంటుంది. ఎదురుగా ఉన్నవాళ్ళని కలుపుకుంటే తెలుగులో "మన" తప్ప వేరే దారి లేదు. పిన్నిగారిది పొరపాటు అనుకోను.

ఒంగోలు మాస్టారు:
అమ్మా, మీ మనసు నాకు అర్థమైంది. కానీ చెప్పేవాళ్ళు మారినప్పుడల్లా పౌలు సర్వనామం మారదు. "పరలోకమందున్న మా తండ్రీ" అని అందరం కలిసి అంటున్నా "మన తండ్రీ" అనం కదా.

విజయవాడ నుంచి:
అక్కడ మాట్లాడేది తండ్రితో, ఆయన్ని కలుపుకుని "మన తండ్రీ" అనలేం. ఇక్కడ వంటింట్లో మాట్లాడింది పక్కనున్న మనిషితో. రెండూ ఒకటి కావు మాస్టారూ.

అడిగినవారు, బాపట్ల:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పిన్నిగారినే అడుగుదామని వెళ్ళాను. తాళం వేసి ఉంది. చీరాల దగ్గర ఎవరిదో చిన్నపిల్ల పోయిందట, పలకరింపుకి వెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆదివారానికి గానీ రారట.

ఒంగోలు మాస్టారు:
వచ్చాక నాలుగో వచనం అడగకండమ్మా, జాగ్రత్త పడి పుస్తకంలో ఉన్నట్టే చెప్తారు. ఐదోది చెప్పమనండి. అక్కడ "క్రీస్తుయొక్క శ్రమలు మాయందేలాగు విస్తరించుచున్నవో" అని ఉంది. ఆవిడ "మాయందు" అంటారో "మనయందు" అంటారో విని రాయండి. అక్కడా "మన" అంటే అది నోరు జారడం కాదు.