ఇన్ఫోగ్రాఫిక్స్ గోడకి అంటిస్తే పిల్లలు చూడటం లేదు, మీరు క్లాసులో ఎలా వాడుతున్నారు?

గోదారిగట్టు_సోషల్:
అందరికీ నమస్కారం. భద్రాచలం వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకి సోషల్ చెప్తాను. రెండేళ్లుగా నదులు, నేలలు, జనాభా, పార్లమెంటు ఇలా పాఠానికొక ఇన్ఫోగ్రాఫిక్ (అంకెల్నీ విషయాన్నీ బొమ్మలతో చూపించే చార్టు) నెట్‌లో వెతికి, కలర్ ప్రింట్ తీయించి గోడకి అంటిస్తున్నాను. మొదటి రోజు గుంపుగా వచ్చి చూస్తారు, మర్నాటి నుంచి అటు తల తిప్పేవాళ్లు ఉండరు.

సరే, చూపించడం కాదు చేయిద్దామని పోయిన నెల గ్రూపులుగా చేయించాను. ఇంట్లో ఫోన్లు ఉన్నవాళ్లు ఏదో యాప్‌లో రెడీగా ఉన్న డిజైన్ తీసుకుని అక్షరాలు మార్చి తెచ్చారు. ఒకమ్మాయి నీటి వాడకం మీద చాలా అందంగా చేసింది, మధ్యలో పెద్ద నీటిబొట్టు, దాని మీద 70 శాతం అని. "దేంట్లో 70 శాతం అమ్మా?" అని అడిగితే పాపం మొహం చిన్నబోయింది. తప్పు ఆ పిల్లది కాదు, నేను అడిగింది బొమ్మ, తను తెచ్చింది బొమ్మ.

క్లాసులో 42 మంది. 45 నిమిషాల పీరియడ్. ఒక టీవీ ఉంది గానీ కరెంటుని నమ్ముకుని పాఠం ప్లాన్ చేయలేను. పిల్లలు ఆలోచించేలా వీటిని వాడినవాళ్లు ఏం చేశారో వివరంగా చెప్పండి. యాప్‌ల పేర్లు వద్దు, దయచేసి.

లెక్కలమాస్టారు:
మేడమ్, ముందు ప్రింట్లు ఆపేయండి. వేరేవాళ్లు లెక్కపెట్టి, వేరేవాళ్లు గీసి, రంగులు కూడా వేసేసిన దాంట్లో పిల్లలకి చేయడానికి ఏమీ మిగలదు. లెక్క క్లాసులోంచే పుట్టాలి.

నేను ఆరో తరగతిలో పటచిత్రాల (అంకెల్ని బొమ్మలుగా వేసి చూపించడం) పాఠం అప్పుడు "బడికి ఎలా వస్తున్నారు" అని అడిగి, బోర్డు మీద గణన చిహ్నాలు (ఒక్కొక్కరికి ఒక్కో గీత) పిల్లలతోనే వేయించాను. నడిచి వచ్చేవాళ్లు 20, సైకిల్ మీద వచ్చేవాళ్లు 10, మిగతావాళ్లు ఆటో, బస్సు. ఒక గ్రూపు వాళ్లు సైకిల్ పిల్లాడి బొమ్మ చిన్నది వేసి, నడిచే పిల్లాడి బొమ్మని దానికి రెండింతలు ఎత్తు వేశారు. పది, ఇరవై కదా సార్, రెట్టింపు వేశాం అన్నారు. నేనేం మాట్లాడకుండా చిన్న బొమ్మ సైజులోనే కాయితం ముక్కలు నాలుగు కత్తిరించి ఆ పెద్ద బొమ్మ మీద పరిచాను. నాలుగూ సరిపోయాయి! ఎత్తు రెట్టింపు చేస్తే వెడల్పు కూడా రెట్టింపవుతుంది, చూసే కంటికి రెండింతలు కాదు, నాలుగింతలు కనిపిస్తుంది. ఆ పీరియడ్ బెల్ కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ తర్వాత పేపర్లో వచ్చే బొమ్మలు కత్తిరించి తెచ్చి "సార్ ఇదీ తప్పే కదా" అని చూపించడం మొదలుపెట్టారు.

1920లలో వియన్నాలో ఒట్టో నాయ్‌రాత్ అనే ఆయన మామూలు జనానికి లెక్కలు అర్థం కావాలని బొమ్మల పద్ధతి ఒకటి తయారుచేశాడు, దానికే తర్వాత ఐసోటైప్ అని పేరొచ్చింది. ఆయన పెట్టుకున్న ముఖ్యమైన నియమం ఇదే, ఎక్కువని చూపించాలంటే బొమ్మని పెద్దది చేయొద్దు, అదే సైజు బొమ్మని ఎక్కువసార్లు వేయి. మన ఆరో తరగతి పుస్తకంలో పటచిత్రం కూడా అంతే.

ఏటిఒడ్డు:
మేడమ్, మీరు భద్రాచలం దగ్గర ఉండి నెట్‌లో వెతుకుతున్నారా! మాదీ ఆ వైపే, ఇప్పుడు ఖమ్మంలో పనిచేస్తున్నాను. నేను చేసింది చెప్తా.

గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. వానాకాలం వస్తే మన ఇళ్లల్లో చిన్నపిల్లలు కూడా ఈ అంకెలు అప్పజెప్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71.3. ఈ ఐదు అంకెలు చాలు. అడుగుకి అంగుళం చొప్పున స్కేలు పెట్టుకుని, క్లాసు గోడ మీద కింద నుంచి సుద్దముక్కతో గీతలు గీయించండి. ఒక్కో పిల్లని ఆ గోడకి ఆనించి నిలబెట్టండి. ఎనిమిదో తరగతి పిల్లలకి 43 దాదాపు గుండెల దగ్గరకి వస్తుంది, 53 కొందరికి గడ్డం, కొందరికి నోరు. 75.6 గీయాలంటే బల్ల ఎక్కాలి, అది ఆరడుగుల మూడంగుళాల పైమాటే. మా క్లాసులో ఆ గీత గీశాక కాసేపు అందరూ మాట్లాడకుండా తలెత్తి చూశారు.

ఒక జాగ్రత్త. 43 అడుగులంటే ఊళ్లో 43 అడుగుల నీళ్లని కాదు, అది భద్రాచలం దగ్గర నదిలో నీటిమట్టం కొలిచే స్కేలు మీది అంకె. ఇది ముందే చెప్పకండి, ఎవరో ఒకరు "మరి మా ఇల్లెందుకు మునగలేదు" అని అడుగుతారు, అప్పుడు చెప్పండి.

రెండో రోజు 1986, 2022 రెండే రెండు కమ్మీలు (నిలువు పట్టీలు) గీయించండి, రెండు రకాలుగా. కింద సున్నా నుంచి మొదలుపెడితే రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. 70 నుంచి మొదలుపెడితే ఒకటి 1.3, ఇంకోటి 5.6, నాలుగు రెట్లకి పైగా తేడా కనిపిస్తుంది. అంకెలు అవే! ఏది కరెక్టు అంటే మా వాళ్లు సున్నాదే అన్నారు. ఒక పిల్ల మాత్రం లేచి, 71కి వాకిట్లో ఆగిన నీళ్లు 75కి ఇంట్లోకి వస్తాయి కదా టీచర్, ఆ ఇంటివాళ్లకి ఈ నాలుగడుగులే లెక్క అంది. ఇన్నేళ్ల సర్వీసులో నేను విన్న మంచి జవాబుల్లో అదొకటి.

పేజీడెస్క్:
నేను టీచర్ని కాను, చాలాకాలం పత్రికలో గ్రాఫిక్స్ వేశాను. మాకు ఒక అలవాటు ఉండేది, బొమ్మ మొదలుపెట్టే ముందు అది ఏం చెప్పాలో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. వాక్యం రాకపోతే బొమ్మ లేదు. పిల్లలతో కూడా ముందు వాక్యం రాయించండి, డ్రాయింగ్ షీటు తర్వాత ఇవ్వండి. కింద మూలన ఎవరిని అడిగారు, ఎప్పుడు, ఎంతమందిని అనేది రాయాల్సిందే. ఆ 70 శాతం సమస్య అక్కడే తీరిపోతుంది.

ఇంకోటి, ఖాళీలు చదవడం నేర్పండి. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టర్ చనిపోయినవాళ్ల ఇళ్లన్నీ మ్యాపు మీద చిన్న చిన్న గీతలుగా గుర్తించాడు. బ్రాడ్ స్ట్రీట్‌లో ఉన్న చేతిపంపు చుట్టూ గీతలు గుట్టగా పడ్డాయి. అందరూ ఆ గుట్ట గురించే చెప్తారు, నాకు మాత్రం గీతలు లేనిచోటే గొప్పగా అనిపిస్తుంది. పక్కనే పేదల వసతిగృహంలో 535 మంది ఉంటే ఐదుగురే పోయారు, వాళ్లకి సొంత బావి ఉంది. అదే వీధిలో బీరు తయారీ కేంద్రం ఉంది, అక్కడి 70 మందికి పైగా పనివాళ్లలో కలరాతో ఒక్కరూ పోలేదు, వాళ్లు ఆ పంపు నీళ్లే తాగేవాళ్లు కాదు. ఈ మ్యాపు బోర్డు మీద గీసి, పంపు ఎక్కడుందో చెప్పకుండా "నీళ్లు ఎక్కడివో కనిపెట్టండి" అనండి. మీ ఊళ్లో ఇలాంటిది చేయించాలనుకుంటే జ్వరాలు వచ్చిన ఇళ్లు మాత్రం వద్దు, ఫలానా ఇంట్లో జబ్బు అని పేరు పడిపోతుంది. బోర్లు, నీళ్లు నిలిచే గుంటలు గుర్తించండి.

తెలుగుపంతులమ్మ:
అన్నీ బాగున్నాయి గానీ అసలు ఇబ్బంది ఎవరూ చెప్పలేదు. చేతిరాత బాగున్న ఇద్దరమ్మాయిలు అంతా గీస్తారు, మిగతా నలుగురు స్కెచ్ పెన్నులు అందిస్తారు. నా క్లాసులో ప్రతి సారీ ఇదే. ఇప్పుడు గీసినవాళ్లు చెప్పకూడదు అని రూలు పెట్టాను, గీయనివాళ్లే బోర్డు దగ్గరకొచ్చి వివరించాలి. ఎఫ్ఏలో (ఏడాది మధ్యలో బడిలోనే మేం వేసే మార్కులు) ప్రాజెక్టు మార్కులు ఆ వివరించినదానికే వేస్తాను, రంగులకి కాదు. తల్లిదండ్రులు ఒకరిద్దరు అడిగారు కూడా, మా అమ్మాయి అంత బాగా వేస్తే తక్కువేశారేంటని. నేను మార్చలేదు.

గోదారిగట్టు_సోషల్:
అందరికీ పేరుపేరునా థాంక్స్. ఏటిఒడ్డు గారు చెప్పిన గోడ గురువారం చేశాం. 53 గీత దగ్గర తన నోరు పెట్టుకుని చూసి ఒకబ్బాయి ఇంటికెళ్లి వాళ్ల నానమ్మని అడిగొచ్చాడు, 86లో ఎక్కడికి వెళ్లారు, ఏం పట్టుకెళ్లారు అని. మర్నాడు పదకొండు మంది అలా చీటీలు రాసుకొచ్చారు, నేను హోంవర్క్ ఇవ్వలేదు. 75.6 గీత పక్కన అంటించాం. మేకపిల్లని బుట్టలో పెట్టుకుని గుట్టెక్కారని ఒక చీటీలో ఉంది.

నాకు తెలియనిది ఒకటి వాళ్లే అడిగారు, మన బడి గచ్చు ఈ గీతల్లో ఎక్కడ ఉంటుంది టీచర్ అని. సోమవారం నీటిపారుదల ఆఫీసుకి వెళ్లి అడుగుతాను, ఇద్దరు పిల్లలు కూడా వస్తామన్నారు. ఆ గీత కోసం గోడ మీద సుద్దతో ఒక ప్రశ్న గుర్తు పెట్టి ఉంచాం.