రేడియో వచ్చాక అమెరికాలో వలస భాషలు ఏమయ్యాయి?

బరంపురం కుర్రాడు:
మాది ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం. ఎం.ఏ. చరిత్రలో రెండు ప్రపంచ యుద్ధాల మధ్య అమెరికా ఒక పేపరు. రేడియో, సినిమా కలిసి దేశాన్నంతా ఒకే మూసలో పోశాయని నోట్సులో ఉంది. 1920 నవంబరులో పిట్స్‌బర్గ్ రేడియో స్టేషను కేడీకేఏ ఎన్నికల ఫలితాలు చెప్పడం, ఒకే కార్యక్రమాన్ని ఊరూరి స్టేషన్లలో వినిపించే నెట్‌వర్కులు రావడం, 1926లో ఎన్‌బీసీ, మరుసటేడు సీబీఎస్... తేదీలన్నీ బట్టీ పట్టాను. మరి అక్కడికి వలస వచ్చిన ఇటాలియన్లు, పోలండ్ వాళ్లు, యూదులు ఇళ్లలో మాట్లాడుకునే భాషలు ఏమయ్యాయి? మా వీధిలో పిల్లలు తెలుగులో మొదలెట్టి ఒడియాలో ముగిస్తున్నారు. అందుకే అడుగుతున్నా.

పర్లాకిమిడి రేడియో మెకానిక్:
బాబూ, ముందు డబ్బు ఎవడిస్తున్నాడో చూడు. మనం పోస్టాఫీసులో లైసెన్సు కట్టి రేడియో విన్నాం. రిపేరుకు సెట్టుతోపాటు లైసెన్సు పుస్తకం కూడా పట్టుకొచ్చేవారు, పోలీసులు అడుగుతారని భయం! అమెరికాలో ఆ రుసుము లేదు. కేడీకేఏ పెట్టిన వెస్టింగ్‌హౌస్, రేడియో సెట్లు తయారుచేసే కంపెనీ. గాలిలో ఏదో ఒకటి వినిపిస్తేనే కదా పెట్టె అమ్ముడయ్యేది. 1922లో న్యూయార్క్ డబ్ల్యూఈఏఎఫ్ స్టేషను టైము అమ్మడం మొదలెట్టింది, అంటే డబ్బు కట్టినవాళ్లు తమ మాట రేడియోలో వినిపించుకోవచ్చు. మొదట కొన్నవాళ్లు అపార్టుమెంట్లు అమ్ముకునేవాళ్లు. 1930లు వచ్చేసరికి సబ్బుల కంపెనీలు మధ్యాహ్నం పూట ఆడవాళ్ల కోసం సీరియళ్లు నడిపాయి. డబ్బు పెట్టినవాడికి తన సబ్బు మాట దేశమంతా వినపడాలి. అందుకే నెట్‌వర్కులు ఇంగ్లీషు పట్టుకున్నాయి, ఎవరి మీదో కక్షతో కాదు.

చిన్న స్టేషన్లది వేరే దారి. అవి వలస జనానికీ టైము అమ్మాయి. 1927లో న్యూయార్క్‌లో సోషలిస్టులు పెట్టిన డబ్ల్యూఈవీడీ స్టేషను తర్వాత యిద్దిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) కార్యక్రమాలకు పేరుమోసింది.

రాయగడ టీచరమ్మ:
మెకానిక్ గారు చెప్పింది నిజమే గానీ, తప్పంతా రేడియో నెత్తిన వేయొద్దు. 1930లో పదిళ్లలో నాలుగింట్లోనే రేడియో ఉంది. అప్పటికే 1924 చట్టం వలసల తలుపు మూసేసింది. మనకు సోంపేట, టెక్కలి నుంచి కోడళ్లు వస్తున్నన్నాళ్లూ ఇంట్లో తెలుగుకు ఢోకా లేదు. వాళ్లకు ఆ రాకపోకలే తెగిపోయాయి.

ఆ "ఒకే మూస" మాట కూడా నాకు నచ్చదు. అప్పట్లో దేశాన్ని ఊపేసిన రేడియో హాస్య సీరియల్ 'ఏమస్ అండ్ ఆండీ'లో నల్లవాళ్లలా మాట్లాడి నవ్వించింది ఇద్దరు తెల్లవాళ్లు. ఆ మూసలో నల్లవాళ్లకు దక్కిన చోటు అదీ! జవాబులో ఇది రాయకపోతే నేనైతే మార్కులు కోస్తాను.

బరంపురం కుర్రాడు:
థాంక్స్ మేడమ్. 1924 చట్టం మాకు వేరే యూనిట్‌లో ఉంది. రెండూ కలిపి రాయొచ్చా?

రాయగడ టీచరమ్మ:
రాయి బాబూ. ఏ దేశం నుంచి ఏటా ఎంతమందిని రానివ్వాలన్న కోటా ఎలా కట్టారో కూడా చెప్పు: 1890 జనాభా లెక్కల్లో ఏ దేశంలో పుట్టినవాళ్లు ఎంతమంది ఉన్నారో అందులో 2 శాతం. ఇటలీ, పోలండ్ జనం ఎక్కువగా వచ్చింది ఆ తర్వాతే కాబట్టి దెబ్బ వాళ్లకే తగిలింది.