రా ఫైళ్లను ముందే శుభ్రం చేయాలా, మల్టీట్రాక్ సెషన్‌లోనే అన్నీ చేయాలా?

బెజవాడ_మైక్:
ఒక బుర్రకథ దళం రికార్డింగును అడోబ్ ఆడిషన్ అనే ఆడియో సాఫ్ట్‌వేరులో ఎడిట్ చేస్తున్నాం. కథకుడికి ఒక మైకు, ఇద్దరు వంతలకు చెరొకటి, మొత్తం మూడు ట్రాకులు. అన్నిటిలోనూ ఫ్యాన్ హోరు ఉంది. ఒక్కో ఫైలునూ వేవ్‌ఫారం ఎడిటర్‌లో (ఒక్క ఫైలునే నేరుగా మార్చే చోట) తెరిచి, నాయిస్ తీసేసి, సేవ్ చేసి, ఆ తర్వాతే మల్టీట్రాక్‌లోకి (ట్రాకులన్నీ పేర్చి మిక్స్ చేసే చోటికి) తేవాలని మా జట్టులో ఒకరు అంటున్నారు. రా ఫైళ్ల (అసలు రికార్డింగుల) జోలికి వెళ్లొద్దు, ఏం చేసినా ట్రాకుల మీదే చేయాలని ఇంకొకరి పట్టు. మీరేం చేస్తారు, ఎందుకు?

వేగం_ముఖ్యం:
ముందే శుభ్రం చేసుకోవడమే మేలు. నేను ప్రతి వారం పాడ్‌కాస్ట్ ఎడిట్ చేస్తాను. నాది 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. ట్రాకుకు మూడేసి ఎఫెక్టులు పెడితే ప్లేబ్యాక్ ఆగి ఆగి వస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. నాయిస్ ప్రింట్ (హోరు ఒక్కటే ఉన్న చిన్న ముక్క నమూనా) తీసుకుని పనిచేసే నాయిస్ రిడక్షన్ వేవ్‌ఫారంలోనే దొరుకుతుంది. మల్టీట్రాక్‌లో దొరికేది అడాప్టివ్ రకం, అంటే నమూనా లేకుండా శబ్దాన్ని బట్టి తనే సర్దుకునేది. ఒకే తీరున సాగే ఫ్యాన్ హోరుకు మొదటిదే సరిగ్గా సరిపోతుంది. ఎలాగూ అక్కడికి వెళ్లక తప్పనప్పుడు ఆ పనేదో అక్కడే ముగించుకుంటే పోతుంది కదా?

ఫేడర్_పక్కన:
నాయిస్ ప్రింట్ గురించి మీరు చెప్పింది నిజమే అండి. నా అభ్యంతరమంతా "సేవ్ చేసి" అన్న మాట దగ్గరే.

ఆడిషన్ సెషన్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. అంతా ఎక్స్ఎంఎల్ రాతే. ఏ ఫైలు ఎక్కడుంది, అందులో ఏ ముక్క వాడాం, ఫేడ్ ఎంత, ఏ ఎఫెక్ట్ ఏ సెట్టింగులో ఉంది, ఇవే ఉంటాయి. శబ్దం అందులో ఉండదు. క్లిప్ మీద డబుల్ క్లిక్ చేసి, వేవ్‌ఫారంలో నాయిస్ తీసి, కంట్రోల్ ఎస్ కొట్టారంటే మారేది డిస్కులో ఉన్న అసలు రికార్డింగే. అదే ఫైలును మరో సెషన్‌లో వాడుతుంటే అక్కడా మారిపోతుంది. ఆ ఫైలు మూసేదాకానే అన్‌డూ పనిచేస్తుంది. మూశాక ఇక దారి లేదు.

బుర్రకథ విషయంలో ఇది మరీ ముఖ్యం. కథకుడి చేతిలో అందెలు మోగుతాయి. ఆ లోహపు మోత సన్నగా తగ్గుతూ, చివరికి ఫ్యాన్ హోరు స్థాయికి దిగి అందులో కలిసిపోతుంది. నాయిస్ రిడక్షన్ గట్టిగా వేస్తే ఆ చివరి భాగమే ముందుగా పోతుంది. మిగిలింది నీళ్లలోంచి వస్తున్నట్టు గులగులమంటుంది. ఒక్క ట్రాకును సోలోలో పెట్టి వింటూ ఎంత తీయాలో తేల్చుకుంటే, అవసరానికి మించి తీసేస్తాం. మూడూ కలిపి వింటే గుమ్మెటల దెబ్బల కింద సగం హోరు వినిపించనే వినిపించదు. అందుకే ఆ నిర్ణయం మిక్సులో విన్నాక తీసుకోవాలి. అప్పటికి రా ఫైలు చెక్కుచెదరకుండా ఉండాలి.

ఇంకొకటి. ముగ్గురూ ఒకే వేదిక మీద ఉన్నారు కాబట్టి వంతల గుమ్మెట కథకుడి మైకులోనూ పడుతుంది. శబ్దం మీటరు దూరం వెళ్లడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. 48 కిలోహెర్ట్జ్ సెషన్‌లో (సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే శబ్దపు కొలతలు) అది సుమారు 140 శాంపిళ్లు. మైకుల మధ్య సహజంగా ఉన్న ఆ తేడా అలాగే ఉండాలి. వేవ్‌ఫారంలో ఒక్క ఫైలులో దగ్గును కోసేశారనుకోండి, అక్కడి నుంచి ఆ ట్రాకు ముందుకు జరిగిపోతుంది, మిగతా రెండూ ఉన్నచోటే ఉంటాయి. కాస్త జరిగితే గొంతు బోలుగా, డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఇంకా జరిగితే ప్రతి గుమ్మెట దెబ్బా రెండుసార్లు పడుతుంది. కోతలన్నీ మల్టీట్రాక్‌లోనే, అన్ని ట్రాకులకూ కలిపి రిపుల్ డిలీట్‌తో (కోసిన ఖాళీని మూసి, తర్వాతి భాగాన్ని ముందుకు జరిపేది) చేయాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

వేగం_ముఖ్యం:
కోతల సంగతి ఒప్పుకుంటాను. మా పాడ్‌కాస్టులో ఎవరి గదిలో వాళ్లు రికార్డ్ చేసుకుంటారు కాబట్టి ఆ ఇబ్బంది మాకు రాదు. కానీ నా ల్యాప్‌టాప్ మాటేమిటి? "ఎఫెక్టులన్నీ ట్రాకు మీదే" అనడం మంచి మెషీన్ ఉన్నవాళ్లకు తేలిక. ఎపిసోడ్ విడుదలయ్యాక ఆ సెషన్ నేను మళ్లీ తెరవను. అలాంటప్పుడు రా ఫైళ్లు ఎందుకు మోయాలి?

ఫేడర్_పక్కన:
మెషీన్ భారానికి ప్రీ-రెండర్ ఉంది. ట్రాకుకు అది నొక్కితే ఎఫెక్టులను ముందే లెక్కగట్టి పెట్టుకుంటుంది. ప్లేబ్యాక్ తేలికవుతుంది, సెట్టింగులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇక మోయడం అంటారా, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ఫైలు నిమిషానికి 8.64 ఎంబీ. గంట కథకు మూడు మైకులూ కలిపి ఒకటిన్నర జీబీ. ఈ రోజుల్లో అదొక లెక్కా? వారం వారం వచ్చే పాడ్‌కాస్టుకు మీ పద్ధతి సరిపోవచ్చు. బుర్రకథ దళం మళ్లీ అదే కథను అలాగే చెప్పి రికార్డ్ ఇస్తుందన్న నమ్మకం ఎక్కడుంది?

రేడియో_పాతకాపు:
ఇద్దరూ సెషన్ ఎప్పటికీ తెరుచుకుంటుందనే ధీమాతో మాట్లాడుతున్నారు. నా బాధ అదే. నేను కూల్ ఎడిట్ ప్రో రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను. 2003లో దాన్ని అడోబ్ కొని ఆడిషన్ అని పేరు పెట్టింది. 2011లో సీఎస్ 5.5తో సెషన్ ఫార్మాటే మారిపోయింది. పాత సెషన్లను ఆడిషన్ 3లో ఎక్స్ఎంఎల్‌గా మార్చుకుంటే తప్ప కొత్తదానిలోకి రాలేదు. ఆడాసిటీ కూడా 2021లో 3.0తో ప్రాజెక్టు ఫార్మాట్ మార్చింది. కాకపోతే అది పాతవాటిని తెరిచి మార్చుకోగలదు. ప్లగిన్లు (విడిగా చేర్చుకునే ఎఫెక్టులు) సరేసరి, కొత్త కంప్యూటరులో అవి లేకపోతే సెషన్ తెరిచినా పాత శబ్దం రాదు.

కాబట్టి పని పూర్తయ్యాక ప్రతి ట్రాకునూ ఎఫెక్టులతో సహా, సున్నా సెకను నుంచి మొదలయ్యేలా, ఒకే నిడివిలో వేవ్ ఫైలుగా తీసి పెట్టండి. ఏ సాఫ్ట్‌వేరులో వేసినా వరసలో పడతాయి. సెషన్‌ను ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అనుబంధ ఫైళ్ల కాపీలు కూడా సేవ్ చేసే ఆప్షన్‌కు టిక్ పెట్టండి. అది మరిచిపోతే పెన్‌డ్రైవ్‌లో ఎక్స్ఎంఎల్ ఒక్కటే మిగులుతుంది.

బెజవాడ_మైక్:
అందరికీ ధన్యవాదాలు. రా ఫైళ్లను ఫోల్డర్‌లో రీడ్-ఓన్లీ చేసేశాను. నాయిస్ తీయడానికి కాపీలు చేస్తున్నాం. కథకుడి మైకులో తీసుకున్న నాయిస్ ప్రింటునే మిగతా రెండింటికీ వాడొచ్చా?

ఫేడర్_పక్కన:
వద్దండి. ఫ్యాన్ ఒకటే అయినా ఒక్కో మైకుకు ఒక్కో దూరం, ఒక్కో గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు). కథ మొదలుకాకముందు ముగ్గురూ మౌనంగా ఉన్న క్షణాలు రికార్డింగులో ఉండే ఉంటాయి. ప్రతి ఫైలుకూ అక్కడి నుంచే దాని ప్రింట్ తీసుకోండి. మొదటి విడతలో 6 డెసిబెల్స్ మించి తగ్గించకండి. కాపీల పొడవు రా ఫైళ్లతో శాంపిల్ తేడా లేకుండా సరిపోయిందో లేదో చూసుకుని, తర్వాతే సెషన్‌లో పెట్టండి.