మన జట్టువాళ్లే మన హీరోని బ్యాన్ చేస్తే అది న్యాయమేనా? (ఓవర్‌వాచ్, సిమెట్రా గొడవ)

కార్‌వాష్_కాచిగూడ:
ఓవర్‌వాచ్ (జట్లుగా కాల్చుకునే ఆన్‌లైన్ గేమ్) ర్యాంక్‌డ్, అంటే గెలుపోటములతో ర్యాంకు మారే మ్యాచ్‌లు, ఆడేవాళ్లు ఒక మాట చెప్పండి. 2025 ఏప్రిల్‌లో సీజన్ 16తో హీరో బ్యాన్లు వచ్చాయి కదా. మ్యాచ్ మొదలయ్యే ముందు రెండు జట్లూ ఓట్లేస్తాయి, నలుగురు హీరోల (మనం ఎంచుకుని ఆడే పాత్రల) దాకా ఆ మ్యాచ్‌లోంచి పోతారు. మనం ఎవరిని ఆడాలనుకుంటున్నామో కూడా ముందే చూపించుకోవచ్చు. నిన్న రాత్రి నేను సిమెట్రా అనే హీరోని చూపించాను. అంతే, నా సొంత జట్టులోనే ముగ్గురు ఆమెకి ఓటేసి తీయించేశారు. ఎదుటి జట్టు కాదు, నా జట్టు! చాట్‌లో ఒకడు నవ్వాడు కూడా. బ్యాన్ అనేది ఎదుటివాళ్లని ఆపడానికా, పక్కవాడిని ఆపడానికా? పైగా ఆవిడ కథ ప్రకారం పుట్టింది హైదరాబాద్‌లో. మన ఊరి అమ్మాయిని మనమే వెళ్లగొడతామా?

గోదారోడు:
నేనైనా ఓటేసేవాడినే బ్రో 😂

సుత్తి_బాబాయ్:
నువ్వు బాధపడతావని తెలిసే చెబుతున్నా తమ్ముడూ, ఆ ముగ్గురూ తెలివైన పనే చేశారు. సిమెట్రా బీమ్ (తుపాకీ నుంచి వచ్చే కిరణం) పన్నెండు మీటర్లు దాటదు. ఎదుటివాడు ఫారానో ఎకోనో తీసి పైకెగిరితే నువ్వు కింద నిలబడి ఆకాశం వైపు బంతులు విసురుకుంటూ కూర్చుంటావు. టరెట్లు (వాటంతట అవే కాల్చే చిన్న యంత్రాలు) మూడే, ఎవరైనా తలెత్తి చూస్తే ఒక్క దెబ్బకి పోతాయి. ఆమెకి అసలు ఇల్లు లాంటివి హనమురా, టెంపుల్ ఆఫ్ అనుబిస్, వోల్స్‌కాయా. ఇరుకు ద్వారం, రక్షించడానికి ఒకసారికి ఒకే పాయింట్. 2022 అక్టోబర్‌లో ఓవర్‌వాచ్ 2 వచ్చినప్పుడు ఆ రకం మ్యాప్‌లని ర్యాంక్‌డ్ నుంచి తీసేశారు. ఇల్లు పోయాక కూడా గుమ్మం దగ్గరే టరెట్లు పెడతానంటే ఎలా? ఇద్దరు డ్యామేజ్ (దాడి చేసే) వాళ్లలో ఒకరు సిమెట్రా అంటే జట్టు నలుగురితో ఆడుతున్నట్టే.

లాగ్_రాణి:
సగం నిజం బాబాయ్. మిగతా సగం చెప్పలేదు మీరు. ఆ బీమ్‌ని గెంజీ డిఫ్లెక్ట్ చేయలేడు (తిప్పికొట్టలేడు), డీవా మ్యాట్రిక్స్ (కాల్పులని మాయం చేసే కవచం) మింగలేదు. ఎదుట వాళ్లిద్దరూ ఉన్న మ్యాచ్‌లో క్యాసిడీ తీసినవాడి కంటే సిమెట్రా తీసినవాడే నయం. ఇక టెలిపోర్టర్, ఒకచోటి నుంచి ఇంకోచోటికి క్షణంలో చేర్చే ద్వారం. సుత్తి పట్టుకుని నెమ్మదిగా కదిలే రైన్‌హార్ట్‌లని, అంటే మీలాంటి వాళ్లనే, ఎత్తు మీదకి చేర్చేది ఎవరు? నాది హాస్టల్ నెట్, పింగ్ (నెట్ ఆలస్యం) సాయంత్రం అయితే నూట యాభై మిల్లీసెకన్లు దాటుతుంది. ఆ పింగ్‌తో స్నైపర్ విడోమేకర్ ఆడి తలలు కొట్టమంటారా? టరెట్లు వాటంతట అవే పట్టుకుంటాయి, నాకు ఆ రెండు మూడు క్షణాల తేడా కలిసొస్తుంది. నెట్ బాగున్న వాళ్లకి ఇది అర్థం కాదు.

మ్యాప్_మాస్టారు:
మొదటి పోస్టులో ‘మన ఊరి అమ్మాయి’ అన్నారు కాబట్టి. ఆమె పేరు సత్య వాస్వానీ. వాస్వానీ అనేది సింధీ ఇంటిపేరు. సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉంది, ఇప్పుడు పాకిస్తాన్‌లో. తెలుగువాళ్ల గుర్తులు ఏవీ లేకుండా తయారుచేసి ఊరిపేరు మాత్రం మనది అతికించారు. మాట్లాడేది హిందీ, ఇంగ్లిష్.

కార్‌వాష్_కాచిగూడ:
మాస్టారూ, గేమ్‌లో ‘హైదరాబాద్, ఇండియా’ అనే ఉంటుంది. విభజన తర్వాత సింధీ కుటుంబాలు మన హైదరాబాద్‌కి కూడా వచ్చాయి, బట్టల షాపులు పెట్టారు, మా వీధిలోనే ఉన్నారు. హైదరాబాద్‌లో హిందీ మాట్లాడకపోతే ఇంకేం మాట్లాడతారు? అసలు నేనడిగింది బ్యాన్ గురించి.

మ్యాప్_మాస్టారు:
మాట్లాడతారు, కానీ ఆ హిందీ అది కాదు. దక్కనీ యాసలో ఒక్క ‘నక్కో’ కూడా వినపడదు. కంపెనీ పెంచిన పిల్ల కాబట్టి యాస పోయిందని సమర్థించుకోవచ్చు, విష్కార్ వాళ్లు చిన్నప్పుడే పేదరికంలోంచి తీసుకెళ్లి తమ అకాడమీలో పెంచారు కదా. తర్వాత ఉటోపియా అనే కట్టించిన నగరం. 2023లో సురవస అని ఇండియా మ్యాప్ ఇచ్చారు, అదీ కల్పిత నగరమే. హైదరాబాద్ మ్యాప్ మాత్రం ఇప్పటికీ లేదు. నా బాధ అది.

గోదారోడు:
చార్మినార్ నాలుగు మినార్ల మీద నాలుగు విడోమేకర్లు. వద్దు బాబోయ్

సుత్తి_బాబాయ్:
మాస్టారు ఊరు వెతుక్కుంటున్నారు, నేను గెలుపు వెతుక్కుంటున్నాను. రాణీ, నీ పింగ్ సంగతి సరే, కానీ జట్టులో మిగతా నలుగురి తప్పేంటి? నీ నెట్ బాగోలేదు కాబట్టి మేము ఓడిపోవాలా? క్విక్ ప్లే ఉంది, ఆర్కేడ్ ఉంది. ర్యాంక్‌డ్ అంటే నీకు నచ్చిన బొమ్మ పట్టుకుని తిరిగే చోటు కాదు. ఈ హీరోని ఎన్నిసార్లు మార్చారో చూడండి. 2016లో వచ్చినప్పుడు సపోర్ట్ (జట్టుని కాపాడే పాత్ర) అన్నారు, ఒక్క పాయింట్ హీలింగ్ లేదు. బీమ్ దానంతట అదే అతుక్కునేది, టరెట్లు ఆరు, టెలిపోర్టర్ అల్టిమేట్ (హీరోకి ఉండే అతిపెద్ద శక్తి). అదే ఏడాది చివర్లో షీల్డ్ జనరేటర్ ఇచ్చారు. 2018 జూన్‌లో మొత్తం తిరగేసి డ్యామేజ్‌లో పడేశారు, మ్యాప్‌ని రెండుగా కోసే గోడ అల్టిమేట్ అయింది. తయారుచేసిన వాళ్లకే ఆమె ఏం చేయాలో తెలియనప్పుడు ఆడేవాడికి ఏం తెలుస్తుంది?

లాగ్_రాణి:
తెలుసు కాబట్టే ఆడుతున్నాం. పాత సిమెట్రాలో టెలిపోర్టర్ ఎక్కడ దాచాలి అన్నది పెద్ద విద్య. ఇప్పటి సిమెట్రాలో అది ఎప్పుడు వేయాలి అన్నది విద్య. రెండూ మీకు కనపడవు, ఎందుకంటే సుత్తి పట్టుకున్నవాళ్లు ముందుకే చూస్తారు. ఇంకో సంగతి. నేను వాయిస్‌లోకి వెళ్లడం మానేశాను. నా గొంతు వినగానే ‘మెర్సీ (సపోర్ట్ హీరో) తీసుకో’ అంటారు. డ్యామేజ్‌లో క్యూ పెట్టుకుని వచ్చినా సరే, మెర్సీ ఎలా తీసుకుంటానో వాళ్లే చెప్పాలి. సిమెట్రా తీస్తే ‘ఇదిగో త్రో చేస్తోంది’ (కావాలని ఓడిస్తోంది) అని మ్యాచ్ మొదలవకముందే రిపోర్ట్ కొడతామంటారు. హంజో తీసి ఒక్కరినీ కొట్టలేని అబ్బాయిని ఎవరూ ఏమీ అనరు. బాబాయ్ గారూ, దీన్ని కూడా గెలుపు కోసం అంటారా?

పాప్‌కార్న్_పద్దు:
కూర్చున్నా, కొనసాగించండి 🍿

సుత్తి_బాబాయ్:
అలా తిట్టినవాళ్లు వెధవలు, రిపోర్ట్ కొట్టు, నేనూ కొడతాను. దాన్ని తెచ్చి నా వాదనకి అంటించకు. నేను అమ్మాయిలని ఏమీ అనలేదు, హీరోని అన్నాను.

కార్‌వాష్_కాచిగూడ:
హీరోని అనలేదు బాబాయ్, ఆడేవాళ్లకి తెలివి లేదన్నారు. పైకి ఎక్కించి చదువుకోండి. మా తమ్ముడికి ఆటిజం ఉంది, వాడు ఆడేది ఒక్క సిమెట్రానే. ఆమెకి ఆటిజం ఉందని జెఫ్ కప్లాన్ గేమ్ డైరెక్టర్‌గా ఉన్నప్పుడు 2017లో ఒక అభిమానికి ఉత్తరం రాసి మరీ చెప్పాడు. అది తెలిసిన రోజు నుంచి వాడు వేరే హీరో ముట్టుకోడు. వాడిది నాకంటే పై ర్యాంకు. నిన్న బ్యాన్ పడ్డ మ్యాచ్‌లో పక్కన కూర్చున్నది వాడే. ‘మనవాళ్లే ఎందుకు తీశారు’ అని అడుగుతుంటే ఏం చెప్పాలి నేను? మీలాంటి వాళ్ల వల్ల అని చెప్పాలా?

సుత్తి_బాబాయ్:
ఓహో, ఇప్పుడు నేను విలన్. చెప్పు, మీ తమ్ముడికి నా మాటగానే చెప్పు. నేను ఆ మ్యాచ్‌లో ఉండి ఉంటే నాలుగో ఓటు నాదే.

ఎందుకో కూడా విను. 2019లో రోల్ క్యూ (ముందే పాత్ర రకం ఎంచుకుని ఆటకి వచ్చే పద్ధతి) వచ్చాక ఇద్దరు ట్యాంకులు (ముందు నిలబడి దెబ్బలు కాసేవాళ్లు), ఇద్దరు డ్యామేజ్, ఇద్దరు సపోర్ట్. నా పక్కన ఒక జార్యా ఉండేది, తప్పు జరిగితే ఇద్దరం పంచుకునేవాళ్లం. 2022లో ఐదుగురిని చేసి ఒక ట్యాంక్‌ని పీకేశారు. అప్పటి నుంచి నేను రైన్‌హార్ట్ తీస్తే ఎదుటివాళ్లు ఒకే నిమిషంలో బాస్టియన్, రీపర్‌లకి మారతారు. వెంటనే మన జట్టు మొత్తం ‘ట్యాంక్ మారు, ట్యాంక్ మారు’. మారతాను. ఒరీసా అంటే ఒరీసా, వాళ్లు జార్యా తెస్తే మళ్లీ వేరేది. నేను వచ్చింది సుత్తి తిప్పడానికి, రాత్రంతా ఆడేది ఎదుటివాడు ఆడించిన హీరో. ఓడితే ‘ట్యాంక్ తేడా’ అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోతారు. మీ హీరో మీ ఇష్టం, మీ తమ్ముడి హీరో వాడి ఇష్టం, నా హీరో మాత్రం ఊరందరి ఇష్టం. ఇదెక్కడి లెక్క?

గోదారోడు:
అదీ అసలు సంగతి

లాగ్_రాణి:
బాబాయ్, మరి ఇది మొదటి పోస్టుకే చెప్పాల్సింది. ఇంతసేపూ పన్నెండు మీటర్లు, టరెట్లు అంటూ తిరిగారు. మీ కోపం సిమెట్రా మీద కాదు, ఒక్క ట్యాంక్ ఆట మీద. 2024 డిసెంబర్‌లో మళ్లీ ఆరుగురి ఆట పరీక్షించడం మొదలుపెట్టింది మీలాంటి వాళ్ల గోల విన్నాకే. కానీ మీకు మార్చుకోమని చెప్పడం అన్యాయం అయితే, మాకు చెప్పడం న్యాయం ఎలా అవుతుంది? మీకు జరిగింది మాకూ జరగాలని కోరుకుంటున్నారు, అంతేగా?

సుత్తి_బాబాయ్:
అవును, అంతే. అందరూ మారతాం అంటే నేనూ మారతాను. ఎవ్వరూ మారం అంటే నేనూ మారను. ఒక్కడే మారాలంటే మాత్రం ఆ ఒక్కడు నేను కాదు. రైన్‌హార్ట్‌తో తలపడి గెలవాలంటే నా వెనక నుంచి కొట్టేవాళ్లు కావాలి, సిమెట్రా నా చంకలో దూరి కొట్టాలి, ఇద్దరం ఒకే చోట చస్తాం. నా షీల్డ్ వెనక చోటు ఎవరిదో అడిగే హక్కు నాకు లేదా?

కార్‌వాష్_కాచిగూడ:
నిన్ను ట్యాంక్ మార్చమని నేను ఎప్పుడైనా అడిగానా?

సుత్తి_బాబాయ్:
అడగక్కర్లేదు. స్కోర్‌బోర్డు తెరిచి చాట్‌లో ఒక ప్రశ్నార్థకం పెడతారు, చాలు.

పాప్‌కార్న్_పద్దు:
మార్వెల్ రైవల్స్ అనే ఇంకో గేమ్‌కి వచ్చేయండి. అక్కడ రోల్ క్యూ లేదు, ఆరుగురూ కొట్టేవాళ్లే దొరుకుతారు, ట్యాంక్ ఎవరూ అడగరు, ఎందుకంటే ఉండరు 😌

మ్యాప్_మాస్టారు:
ఒక్క చిన్న మాట. సింధీ కుటుంబాలు హైదరాబాద్‌లో ఉన్నాయన్నది నిజమే, నేను కాదనలేదు. కానీ తయారుచేసినవాళ్లకి అది తెలిసి పెట్టారా, వెబ్‌లో ఒక పేరు, ఒక ఊరు ఏరుకుని పెట్టారా అన్నదే నా ప్రశ్న.

లాగ్_రాణి:
మాస్టారూ 🙏

కార్‌వాష్_కాచిగూడ:
సరే బాబాయ్. నా నిర్ణయం నేను తీసుకున్నా. ఇకమీదట ముందు ఏ హీరోనీ చూపించను. బ్యాన్లు అన్నీ అయ్యాక, గేటు తెరుచుకునే ముందు సిమెట్రాని తీస్తాను. అప్పుడు ఓటెక్కడ వేస్తారో చూస్తా.

సుత్తి_బాబాయ్:
తియ్యి. ఆ మ్యాచ్‌లో నేను రోడ్‌హాగ్ తీసి మ్యాప్ వెనకాల కొక్కెం విసురుకుంటూ తిరుగుతా. మార్చమని ఒక్కడైనా అంటే ఈ థ్రెడ్ లింకే పెడతా.