ఘంటసాల, ఇళయరాజా, రెహమాన్ అభిమానులు ఒకే గదిలో కూర్చుంటే పాటల వరస ఎలా ఉండాలి?

గోదావరి శ్రోత (ప్రశ్న)

ఎనిమిది మందిమి నెలకోసారి కూర్చుని పాటలు వింటున్నాం. ఇద్దరిది ఘంటసాల, పెండ్యాల కాలం. ముగ్గురికి ఇళయరాజా అంటే ప్రాణం. ఇద్దరు రెహమాన్, కీరవాణి వైపు. ఒకరు కర్ణాటక సంగీతం తప్ప మరొకటి పెద్దగా వినరు. మాకున్న సమయం రెండున్నర గంటలు. ఎవరి ఫోన్ వాళ్ళు బ్లూటూత్ స్పీకర్‌కి కలిపి పాట వేస్తారు.

1950ల పాట తర్వాత ఈమధ్య వచ్చిన పాట పడితే గది అదిరిపోతుంది, తగ్గించమంటారు. మళ్ళీ పాత పాట వస్తే ఏమీ వినబడదు. పల్లవి అయ్యేసరికి మాటలు మొదలవుతాయి, చరణంలోకి వచ్చేసరికి అవి సంగీతం వదిలి హీరోల మీదికి పోతాయి. అందరి అభిరుచీ ఒకటి కావాలని నేను కోరుకోవడం లేదు. అవతలివాళ్ళు తెచ్చిన పాటను చివరిదాకా మనసుపెట్టి వింటే చాలు. పరికరాలు, పాటల ఎంపిక, వరస, నియమాలు, వీటిలో ఏం మార్చాలో తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

మోనో_స్టీరియో

ముందు వాల్యూమ్ సంగతి చూడండి. మీ గొడవల్లో సగం అక్కడే తీరిపోతాయి. ఒకే పాటను రెండుసార్లు వేసి, రెండోసారి ఒకటి రెండు డెసిబెల్స్ పెంచితే చాలామంది రెండోదే బాగుందంటారు. పెరిగింది శబ్దమని చెవికి తెలియదు, స్పష్టత పెరిగినట్టు అనిపిస్తుంది. అలాంటిది పది డెసిబెల్స్ తేడాతో 1957 పాటనూ 2015 పాటనూ పక్కపక్కన పెడితే పోలిక ఎక్కడ కుదురుతుంది?

ఎవరి ఫోన్ వాళ్ళు కలపడం ఆపేయండి. రెండు రోజుల ముందే ఫైళ్ళన్నీ ఒకరికి చేరాలి, ఒకే ల్యాప్‌టాప్ నుంచి మోగాలి. ఫూబార్2000 అనే మ్యూజిక్ ప్లేయర్‌లో పాటలన్నీ సెలెక్ట్ చేసి, కుడి క్లిక్ కొట్టి, రీప్లేగెయిన్‌లో (పాటలన్నిటి వాల్యూమ్‌నూ ఒకే స్థాయికి తెచ్చే సదుపాయం) ఒక్కో ఫైలుకీ విడిగా ట్రాక్ గెయిన్ స్కాన్ చేయించి ట్యాగుల్లో సేవ్ చేయండి. తర్వాత ప్రిఫరెన్సెస్‌లో ప్లేబ్యాక్ కింద సోర్స్ మోడ్ 'ట్రాక్' అనీ, ప్రాసెసింగ్ దగ్గర గెయిన్‌తో పాటు క్లిప్పింగ్ (శబ్దం హద్దు దాటి పగలడం) నివారణ కూడా ఉన్నదీ ఎంచుకోండి. దాని లక్ష్యం మైనస్ 18 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తంగా ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ గట్టి). మైనస్ 8 దగ్గర మాస్టర్ చేసిన కొత్త పాట పది డెసిబెల్స్ దిగుతుంది, మైనస్ 20 దగ్గరున్న పాతది రెండు పెరుగుతుంది. అసలు ఫైలులోని శబ్దం మారదు. ఇది ప్లేయర్ చదువుకునే ట్యాగు మాత్రమే.

'ఆల్బమ్ గెయిన్' పెట్టకండి. ఒక ఆల్బమ్‌ను మొదటినుంచి చివరిదాకా వినేటప్పుడు పాటల మధ్య ఉండాల్సిన తేడాను కాపాడటానికి అది. మీరు కలిపి వేస్తున్నవి వేరువేరు కాలాల పాటలు.

ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ (వాల్యూమ్ సమం) చేసేవాళ్ళు మోనోను (ఒకే చానెల్ పాటను) డ్యూయల్ మోనోగా (రెండు చానెళ్ళలోనూ అదే శబ్దంగా) లెక్కించే టిక్ తీసేయకండి. అది లేకపోతే ఒకే చానెల్ ఉన్న పాత పాటను కొలత మూడు డెసిబెల్స్ తక్కువగా చూపిస్తుంది. ఆ లెక్కతో పెంచిన పాట రెండు స్పీకర్లలో మోగినప్పుడు మిగతావాటికంటే అంత ఎక్కువగా వినిపిస్తుంది. పాత పాటల అభిమానులకు ఈ పొరపాటు లాభమే కావచ్చు, పోలిక మాత్రం చెడుతుంది.

స్ట్రీమింగ్ యాప్ నుంచే వేయాలంటే అందరూ ఒకే యాప్ వాడండి, అందులో నార్మలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. యూట్యూబ్ గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది గానీ మెల్లగా ఉన్నవాటిని పెంచదు. ఘంటసాల పాట అక్కడ ఇంకా కిందే ఉండటానికి కారణం అది.

బ్లూటూత్ డబ్బా ఒక్కటైతే ఇంకో చిక్కుంది. కొన్ని పాత మోనో పాటలను తర్వాతి రోజుల్లో కృత్రిమ స్టీరియోగా మార్చి విడుదల చేశారు. రెండు చానెళ్ళనూ కలిపి ఒకే డబ్బాలో వినిపించినప్పుడు కొన్ని వాద్యాలు, ఒక్కోసారి గొంతు కూడా పలచబడిపోతాయి. అలాంటి ఫైలు దొరికితే దాన్ని పక్కన పెట్టి అసలు మోనో వెతకండి. కుదిరితే రెండు స్పీకర్లు, మధ్య రెండు మీటర్ల దూరం, వెనక గోడకి అర మీటరు ఎడం, ట్వీటర్లు (సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్లు) కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తులో. ఒక పాటతో శబ్దం సరిచూసుకున్నాక ఇంక ఆ రాత్రి వాల్యూమ్ నాబ్ ముట్టుకోవద్దు. కూర్చునే చోట 75 డెసిబెల్స్ దగ్గర ఉంటే ఇంటికి సరిపోతుంది.

రికార్డు గది

పైన చెప్పినవన్నీ సరే, కానీ ఫైలే తప్పయితే ఏ గెయినూ కాపాడదు.

వీసీడీల నుంచి తీసిన పాటలతో జాగ్రత్త. సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు, మన టీవీ పద్ధతి అయిన పాల్ వీడియో 25. అంటే పాట నాలుగు శాతం వేగంగా నడుస్తుంది, శ్రుతి అరస్వరానికి కాస్త తక్కువగా పైకి పోతుంది. నాలుగు నిమిషాల పాట మూడు నిమిషాల యాభై సెకన్లకే అయిపోతుంది. ఘంటసాల గొంతు పలచగా, కాస్త చిన్నపిల్లాడిలా వినిపించిందంటే ముందు నిడివి చూడండి. ఆడాసిటీలో వేగమూ శ్రుతీ కలిపి మార్చే ఎఫెక్ట్‌లో 0.96 ఇస్తే సరిపోతుంది. వేగం మాత్రమే మార్చే టెంపో ఎఫెక్ట్ వాడితే శ్రుతి అలాగే ఉండిపోతుంది.

రెండోది, అదే సినిమా పేరుతో వేరే గాయకులు మళ్ళీ పాడినవి. యాప్‌లలో అవి అసలు పాట పక్కనే ఉంటాయి. గాయకుల పేరూ నిడివీ చూడకుండా వేయొద్దు. అక్కడ కనిపించే సంవత్సరం కూడా చాలాసార్లు సంకలనం విడుదలైన ఏడాది, పాట పుట్టిన ఏడాది కాదు.

గరగర తీసేయాలనే ఉత్సాహం తగ్గించుకోండి. 78 ఆర్‌పీఎం రికార్డు నుంచి వచ్చిన పాటకి నాయిస్ రిడక్షన్ ఎక్కువ పెడితే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు ఉంటుంది, వయొలిన్ల అంచులు పోతాయి. ఆరు డెసిబెల్స్ తగ్గించి ఆపేయండి. మిగిలిన గరగర ఒక నిమిషం తర్వాత చెవికి ఆనదు. ఆ రికార్డుకి ఒక వైపు దాదాపు మూడు నిమిషాలే పడుతుంది. అందుకే కొన్ని పాటలు రికార్డులో చిన్నవిగా, సినిమాలో పెద్దవిగా ఉంటాయి. ఏది తెస్తున్నారో ఫైలు పేరులో రాయండి.

ఫైలు పేరులో పాట, సినిమా, సంవత్సరం, సంగీతం, గాయకులు, అన్నీ ఉండాలి. అప్పుడు 'ఎవరి బాణీ' అన్న తగువు గదిలోకి రాదు. 'మాయాబజార్' (1957) ఫైళ్ళన్నింటిమీదా సంగీతం ఘంటసాల అని ఉంటుంది. అందులో 'లాహిరి లాహిరి', 'చూపులు కలసిన శుభవేళ', 'నీకోసమే నే జీవించునది' లాంటి బాణీలు సాలూరు రాజేశ్వరరావువి. ఆయన మధ్యలో తప్పుకున్నాక మిగతా పని ఘంటసాల చూశారు.

తంబూరా

వరస గురించి నా మాట. కాలం ప్రకారం పేర్చకండి. పాతవన్నీ ముందు వేసి కొత్తవన్నీ చివర వేస్తే గది రెండు ముక్కలవుతుంది, తమ వంతు అయిపోయినవాళ్ళు ఫోన్లు తీస్తారు. రాగం పట్టుకుని జతలు కట్టండి.

హిందోళంతో మొదలుపెట్టొచ్చు. త్యాగరాజు 'సామజవరగమన' కృతి కర్ణాటక సంగీతం వినే మీ మిత్రుడిది. వెంటనే 'పూజాఫలం' (1964) నుంచి 'పగలే వెన్నెల', సాలూరు రాజేశ్వరరావు బాణీ. ఆ తర్వాత 'సాగర సంగమం' (1983) నుంచి 'ఓం నమః శివాయ', ఇళయరాజా. సినిమా పాటలు రెండూ ఎస్. జానకి పాడినవే. రాగం ఒకటి, గొంతు ఒకటి, మధ్యలో పందొమ్మిదేళ్ళు. మిగిలిన తేడా అంతా సంగీత దర్శకుడిదే కాబట్టి దాన్ని వేలుపెట్టి చూపించొచ్చు.

మోహన కూడా మంచి దారి. రామనాథపురం శ్రీనివాసయ్యంగార్ 'నిన్ను కోరి' వర్ణం, 'లాహిరి లాహిరి', ఆపైన 'ఘర్షణ' (1988) నుంచి 'నిన్ను కోరి వర్ణం'. ఆ సినిమా పాట వర్ణం తొలి మాటలతోనే ఎత్తుకుంటుంది, రాగం కూడా అదే, నడక మాత్రం పూర్తిగా ఇళయరాజాది. కల్యాణికి 'మల్లీశ్వరి' (1951)లో భానుమతి పాడిన 'మనసున మల్లెల మాలలూగెనే', 'దళపతి' (1991)లో 'సుందరి నేనే నువ్వంట'.

కీరవాణి అభిమానికి అన్నమయ్య దారి ఉంది. ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరుంది గానీ స్వరం లేదు. ఇప్పుడు కచేరీల్లో వినే బాణీలు చాలావరకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు 20వ శతాబ్దంలో కట్టినవి. కాబట్టి ముఖారిలో కచేరీ 'బ్రహ్మ కడిగిన పాదము' వేసి, 'అన్నమయ్య' (1997) సినిమాలోది వేస్తే 'అసలుది చెడగొట్టారు' అనే మాటకి చోటుండదు.

కర్ణాటక సంగీతం తెచ్చేవారు మాత్రం ఏడెనిమిది నిమిషాలు దాటొద్దు. ఆలాపన, నెరవు (ఒకే పంక్తిని రకరకాలుగా పాడటం), తనియావర్తనంతో (మృదంగం వంటి తాళవాద్యాల విడి వంతు) ముప్పై నిమిషాల కృతి తెస్తే అలవాటు లేనివాళ్ళు పదో నిమిషంలో మీ చేయి దాటిపోతారు. దానికి వేరే రోజు పెట్టుకోండి.

చరణం_రెండు

తంబూరా గారితో కొంత విభేదిస్తాను. రాగం పేరు చెప్పగానే రాగం తెలిసినవాళ్ళు గురువులవుతారు, తెలియనివాళ్ళు నోరు మూసుకుంటారు. రెహమాన్‌ని ఇష్టపడేవాళ్ళు చాలామంది శబ్దం, లయ, అమరిక విని ఇష్టపడతారు. వాళ్ళ పాటను రాగం గడిలో కూర్చోబెడితే వాళ్ళు విన్నది పక్కకి పోతుంది. జతలు కట్టండి, కానీ సూత్రం మారుస్తూ ఉండండి. ఒకసారి వాద్యం పట్టుకోండి. 'మురిపించే మువ్వలు' (1962)లో 'నీలీల పాడెద దేవా'లో జానకి గొంతూ కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరమూ ఒకదాన్నొకటి తరుముతాయి, దాని పక్కన ఏ కాలానిదైనా గాలి వాద్యం ముందుకొచ్చే పాట పెట్టండి. ఇంకోసారి బేస్ గిటార్ కదలిక, మరోసారి పల్లవి ముందు నిశ్శబ్దం. జత కట్టిన సూత్రం ఏమిటో పాటలు అయ్యాకే చెప్పండి. ముందే చెబితే అందరూ దానికోసమే వెతుకుతారు, పాట వినరు.

ఇక సమయం. ఎనిమిది మందికి తలా రెండు పాటలు, పాటకి ఐదు నిమిషాలు, తర్వాత మాటలకి నాలుగు. మొత్తం 144 నిమిషాలు, మీ రెండున్నర గంటల్లో సరిపోతుంది. మూడో పాట ఒప్పుకుంటే మాటలు కోసేయాల్సి వస్తుంది, ఒప్పుకోకండి.

పాట తెచ్చినవాళ్ళు ముందుగా ఒకే వాక్యం చెప్పాలి, అది కూడా చెవికి దారి చూపేదిగా ఉండాలి. 'రెండో చరణం ముందు వయొలిన్లు కిందికి ఎలా దిగుతాయో వినండి', అంతే. 'ఇంత గొప్ప పాట మళ్ళీ పుట్టదు' అన్నారంటే ఎదుటివాడు వినడం మానేసి ఖండించడానికి సిద్ధమవుతాడు. పాట అయ్యాక మొదటి మాట ఆ పాట తేనివాళ్ళది, విన్నదేమిటో చెప్పాలి. బాగుంది, బాలేదు అన్నవి రెండో విడతలో. వీడియో అస్సలు వద్దు. తెర కనిపించిన నిమిషం నుంచి చర్చ సంగీతం మీద ఉండదు, మీరే రాశారు కదా.

గోదావరి శ్రోత

అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి మిగిలింది. 'రోజా' పాటలు వేయగానే 'తమిళంలో వినాలి' అని ఒకరు, 'తెలుగులోనే నాకిష్టం' అని మరొకరు పట్టుబడుతున్నారు. రెండూ వేస్తే సమయం పోతుంది.

చరణం_రెండు

ఎవరు తెస్తే వాళ్ళ భాషలో పూర్తిగా, రెండో భాషలో పల్లవి మాత్రం. నిమిషంలోపు తేలుతుంది. కానీ దిశ తెలుసుకోండి. 'రోజా', 'దళపతి', 'ఘర్షణ' తమిళం నుంచి ఇటు వచ్చాయి. 'సాగర సంగమం', 'గీతాంజలి' (1989) తెలుగు నుంచి అటు వెళ్ళాయి. 'నీలీల పాడెద' ఉన్న సినిమా కూడా 'కొంజుం సలంగై' అనే తమిళ సినిమాకి తెలుగు రూపమే, ఆ పాటను డబ్బింగ్ అని ఎవరూ తక్కువ చేయరు.

డబ్బింగ్ పాట రాసేవారికి పెదవుల బెడద ఉంటుంది. తెర మీద పెదవులు మూసుకున్న చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి, దీర్ఘం ఉన్నచోట దీర్ఘం పడాలి, అర్థం ఆ తర్వాతే. రాజశ్రీ 'రోజా'కి ఆ పరిధిలోనే రాశారు. ఒకే పల్లవిని రెండు భాషల్లో వెంటవెంటనే వేసి, ఏ అక్షరం మీద స్వరం ఆగుతుందో చూడమనండి. 'చిన్ని చిన్ని ఆశ'తో మొదలుపెట్టండి.

మోనో_స్టీరియో

ఆ రెండు భాషల ఫైళ్ళకి కూడా విడివిడిగా గెయిన్ స్కాన్ చేయాలి, మర్చిపోకండి. తమిళం రీమాస్టర్ చేసినదీ, తెలుగు పాత సీడీ నుంచి తీసినదీ అయితే వాటి మధ్య ఐదారు డెసిబెల్స్ తేడా రావచ్చు. ఫైలు మీద 320 కేబీపీఎస్ (ఎంత ఎక్కువైతే అంత నాణ్యత) అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. ఫైలులో ఏ ఫ్రీక్వెన్సీ దాకా శబ్దం ఉందో బొమ్మగా చూపించే స్పెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు ఆగిపోయిందంటే చాలావరకు అది 128 ఫైలును మళ్ళీ మార్చినదే. 78 రికార్డు పాటలకి ఈ పరీక్ష పనికిరాదు, వాటిలో అంత పైన సంగీతం మొదటినుంచీ లేదు. 1990ల పాటలకి మాత్రం తప్పకుండా చేయండి.