టమాటా నారు పడిపోతోంది, సూడోమోనాస్ ఎవరికైనా పనిచేసిందా?

హోరమావు మిద్దెతోట: రెండు ట్రేలలో టమాటా నారు పోశాను. వారం తిరిగేసరికి మొదలు దగ్గర దారంలా సన్నబడి ఒరిగిపోతోంది. ఈ ముసురుకి నారుకుళ్లే అనుకుంటున్నా. తెగుళ్లని అడ్డుకునే మేలు బ్యాక్టీరియా అంటారే, ఆ సూడోమోనాస్ పొడి తెచ్చాను. లీటరుకి ఎంత? ట్రైకోడెర్మా అనే మేలు శిలీంధ్రంతో కలపొచ్చా? ఇంట్లో పాకే పిల్లాడున్నాడు, పర్వాలేదా?

చిత్తూరు చిన్నోడు: పడిపోయినవి ఇక లేవవన్నా. సూడోమోనాస్ పట్టించడం విత్తేముందు చేసే పని. మా ఊళ్లో కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టించి నీడన ఆరబెడతారు. మీ ప్యాకెట్‌కి చిటికెడు చాలు. నేను పోయినేడు తెలివిమీరి ఎండలో ఆరబెట్టా. బ్యాక్టీరియా మాడింది, నారూ పోయింది.

కేఆర్‌పురం అక్క: పొడి మీద కాదు, అమ్మేవాళ్ల మీద నా కోపం. మా దగ్గరి నర్సరీలో కొన్న ప్యాకెట్‌కి తేదీ మీదే ధర స్టిక్కర్. గోటితో గీకి చూస్తే గడువు దాటి ఐదు నెలలు! 120 రూపాయలు పెట్టి ఉత్త టాల్కం పౌడర్ కొన్నట్టు.

తెగుళ్ల మాష్టారు: ఇరవై ఏళ్లు ల్యాబ్‌లో పనిచేసినవాణ్ణి, చెప్తా వినండి. నారుకుళ్లు తెచ్చే పిథియం అసలైన శిలీంధ్రం కాదు, ఊమైసీట్, అంటే శిలీంధ్రంలా కనిపించే వేరే జాతి సూక్ష్మజీవి. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ ముందుగా వేరు మీద చేరితే సిడెరోఫోర్లు అనే ఇనుముని పట్టే పదార్థాలు వదిలి వేరు చుట్టూ ఉన్న ఇనుముని లాగేసుకుంటుంది. తెగులుకి ఇనుము అందదు. 1980లోనే క్లోపర్, ష్రాత్ అనే శాస్త్రవేత్తలు రాశారు. అయితే అది వేరు మీద స్థిరపడాలి. అందుకే ముందు జాగ్రత్తే తప్ప, వచ్చాక మందు కాదు.

మజ్జిగ వీరుడు: ఇంత కథెందుకు సార్? పులిసిన మజ్జిగ పోస్తే అన్నీ పోతాయి. అదీ బ్యాక్టీరియానే కదా.

తెగుళ్ల మాష్టారు: బ్యాక్టీరియా అయితే అన్నీ ఒకటేనా? మజ్జిగలో ఉండేది లాక్టిక్ యాసిడ్ చేసే రకం. కుక్కా, ఆవూ రెండూ నాలుగు కాళ్లవే, పాలు పిండుకోండి.

మజ్జిగ వీరుడు: మా అమ్మమ్మ ల్యాబ్ చూడలేదు, ఆవిడ వంగతోట మాత్రం ఎండలేదు.

చిత్తూరు చిన్నోడు: వంగ పచ్చగా ఉండగానే ఒక్కసారిగా వాలితే కాండం కోసి గ్లాసు నీళ్లలో వేలాడదీయండి. పాలధారలా కారిందంటే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. అక్కడ మజ్జిగా లేదు, మాష్టారూ లేడు. పీకి పారెయ్యడమే.

కేఆర్‌పురం అక్క: హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ వాళ్ల ఆర్క మైక్రోబియల్ కన్సార్షియం, అదే మేలు సూక్ష్మజీవుల మిశ్రమం, తెచ్చుకోవచ్చుగా?

తెగుళ్ల మాష్టారు: అది ముఖ్యంగా పోషకాల కోసమమ్మా. ఇలాంటి బ్యాక్టీరియా పొడి దేన్నైనా కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందుతో ఒకే బకెట్‌లో మాత్రం కలపకండి. రాగి బ్యాక్టీరియాని చంపుతుంది. ఈ ఘనకార్యం చేసి నాకు ఫోన్ చేసేవాళ్లు నెలకొకరు!

మజ్జిగ వీరుడు: మరి కొళాయిలో వచ్చే కావేరి నీళ్లలో క్లోరిన్ సంగతో? దాని గురించి మాట్లాడరేం?

తెగుళ్ల మాష్టారు: రాత్రి బకెట్‌లో పట్టి మూత తీసి పెట్టండి. అదీ నేనే చెప్పాలా?

హోరమావు మిద్దెతోట: నా ప్రశ్నలు మూడండీ. పిల్లాడి మాట ఒక్కరూ ఎత్తలేదు.

కేఆర్‌పురం అక్క: పొడి గాలికి లేస్తుంది తమ్ముడూ. నువ్వు ముక్కుకి గుడ్డ కట్టుకో, బాబుని కిందే ఉంచు. నేనైతే లీటరుకి 10 గ్రాములు కలిపి సాయంత్రం పూట మొక్క మొదలు దగ్గర పోస్తా. ట్రైకోడెర్మా వేరే వారం. ఆ ట్రేలో మట్టి పారేసి ట్రే కడిగెయ్, నీళ్లు తగ్గించు. నాటు టమాటా విత్తనాలుంటే నాకూ నాలుగు పెట్టు.