మండువా లోగిలి మరమ్మతు: అక్కాచెల్లెళ్ల ఉమ్మడి ఇల్లు, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

లోగిలి_చిన్నమ్మాయి

రాజోలు వైపు అమ్మ పేరున ఉన్న మండువా ఇల్లు. వీలునామా లేదు, నాన్న ముందే పోయారు. వారసులం అక్కా నేనూ ఇద్దరమే. అక్క డాలస్‌లో, నేను కాకినాడలో. మా మధ్య చాలా ఏళ్లుగా మాటల్లేవు, ఇప్పటికీ కబురంతా మేనత్త కొడుకు ద్వారానే. అమ్మకూడదన్న ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట. డబ్బు తను పంపుతుంది, దగ్గరుండి నేను చూసుకోవాలి.

ఇంటి పరిస్థితి: బంగాళా పెంకు కప్పు, మండువా నైరుతి మూల కురుస్తోంది. అక్కడే ఒక టేకు దూలం చివర పొడిపొడిగా రాలుతోంది. గోడలకు ఎప్పుడో సిమెంటు పూశారు, కింద మూడడుగుల మేర ఉబ్బి ఉప్పు పూస్తోంది. పూజగది ద్వారబంధానికి చెదలు. మేస్త్రి "పెంకులు తీసేసి రేకులు వేద్దాం, గోడలకు మళ్లీ సిమెంటు కొడదాం" అంటున్నాడు. ముందు ఏది చేయించాలి? డబ్బు దగ్గర మళ్లీ గొడవ రాకుండా ఏం రాసుకోవాలి?

గానుగసున్నం

మేస్త్రి చెప్పిన రెండూ వద్దు. మీరు రాసిన నాలుగు జబ్బులకూ మూలం నీళ్లే, కాబట్టి ముందు నీళ్ల దారి చూడాలి.

నైరుతి అనగానే వాస్తు మనిషిని పిలవకండి, నిచ్చెన వేయించండి. మండువాలో కప్పులు లోపలికి వాలుతాయి కాబట్టి నాలుగు మూలల్లోనూ రెండేసి వాలుల నీళ్లు, వాలులు కలిసే చోట పెంకుల కింద పరిచిన ఒకే రేకు మీదికి చేరతాయి. ఆ రేకు తుప్పుపట్టినా, దాంట్లో ఆకులు పేరుకున్నా నీళ్లు పక్కకు పొంగి మూలవాసం మీద, అక్కణ్ణుంచి దూలం చివర మీద పడతాయి. పాత రేకు తీసి కనీసం అడుగున్నర వెడల్పు జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రేకు వేయించండి, రెండు పక్కలా పెంకు దాని మీదికి నాలుగంగుళాలు రావాలి. మూలల్లో సిమెంటుతో పూడ్చనివ్వకండి, ఒక ఎండాకాలానికే పగులుతుంది.

పెంకులు దించేటప్పుడు ఒక్కొక్కటీ వేలితో కొట్టి చూడాలి. ఖంగుమంటే ఉంచండి, మొద్దుగా మోగితే లోపల పగులుంది. వంద చదరపు అడుగులకు సుమారు 140 పెంకులు పడతాయి, పగిలేవాటికి పదిశాతం అదనం. పాతవీ కొత్తవీ ఒకే వాలు మీద కలపొద్దు. ఒక్కో ఫ్యాక్టరీ అచ్చు ఒక్కో రకం, గాడులు కుదరవు. ఉన్న మంచివన్నీ మండువా వైపుకు, కొత్తవి వెనక వాలుకు. రీపర్ల (పెంకులు ఆనే అడ్డ చెక్కల) దూరం చేతిలో ఉన్న పెంకును కొలిచి పెట్టాలి, పుస్తకంలో చూసి కాదు.

ఇక గోడలు. పాత ఇటుకా సున్నమూ నేలలోని చెమ్మను పీల్చి గాలికి వదిలేస్తాయి. పైన సిమెంటు పూస్తే అది బయటికి పోలేక పైకెక్కుతుంది. మళ్లీ సిమెంటు కొడితే ఈ మూడడుగులు ఐదడుగులవుతాయి, అంతే. ఉబ్బు ఎంతవరకు ఉందో దానికి ఒక అడుగు పైదాకా ఉలితో చెక్కించండి, మిషన్ వాడితే ఇటుక మొహం ఊడిపోతుంది. ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. తర్వాత గోడను కనీసం ఒక ఎండాకాలం అలా వదిలేయాలి. ఈ ఓపిక లేకే సగం ఇళ్లు పాడవుతున్నాయి.

సున్నం కనీసం రెండు వారాలు గుంటలో నానాలి, ఎంత నానితే అంత మంచిది. జల్లెడ పట్టిన సున్నం ఒక పాలు, గోదావరి ఇసుక మూడు పాళ్లు. దగ్గరలో దొరుకుతుందని సముద్రపు ఇసుక తేనిస్తే ఉప్పును మీరే కొనితెచ్చుకున్నట్టు. గోడ తడిపి అరంగుళానికి మించని పూత, వారం ఆగి రెండోది, పైన తడి గోనెలు. చివరికి వెల్ల మాత్రమే. పుట్టీ, ఎమల్షన్ పెయింటు వేస్తే కథ మొదటికొస్తుంది.

దూలం_వాసం

దూలం మొత్తం మార్చక్కర్లేదు. స్క్రూడ్రైవర్ గుచ్చుతూ రండి, దిగబడటం ఆగిన చోటి నుంచి గట్టి చెక్క. దానికి ఇంకో ఆరంగుళాలు లోపలికి కోసి కొత్త టేకు అతకొచ్చు. దూలం లోతు ఎనిమిది అంగుళాలైతే అతుకు రెండడుగులకు తగ్గకూడదు. రెండు పక్కలా ఇనుప పట్టీలు, 12 మి.మీ. బోల్టులు. కోయకముందే కింద జాకీలు, వాటి కింద పలక, లేకపోతే నేల కుంగుతుంది. గోడలో దూలం చివర చుట్టూ అరంగుళం ఖాళీ వదలండి, గారతో బిగిస్తే పదేళ్లలో మళ్లీ ఇదే పని.

చెదలకు గోడా నేలా కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మి.మీ. రంధ్రాలు చేసి మందు పోస్తారు. బావి ఉంటే ఆ వైపు పోయనివ్వకండి, చెక్కకు మాత్రం బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం పూయించుకోండి.

వాటా_లెక్క

మేకు కొట్టేముందు కాగితాలమ్మా. అమ్మ ఆస్తి, వీలునామా లేదు, నాన్నగారు ముందే పోయారు కాబట్టి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం చెరి సగం. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని ఇంటి పన్ను ఇద్దరి పేర్లకూ మార్పించండి. గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) ఇళ్లకు చాలాసార్లు దస్తావేజు ఉండదు, పన్ను రసీదులే ఆధారం, పాతవి పారేయకండి.

అసలు చిక్కు ఇది: అక్కగారు ఎంత ఖర్చు పెట్టినా దానివల్ల వాటా పెరగదు. మీరు రెండేళ్లు తిరిగి చేయించినా అంతే. రేపు మాట తేడా వస్తే "నా డబ్బు" అని ఆవిడ, "నా కష్టం" అని మీరు. అందుకే ఒప్పందంలో మూడు మాటలు రాసుకోండి. బిల్లు ఉన్న ప్రతి రూపాయీ ఆవిడ ఖాతాలో జమ, ఎప్పుడైనా అమ్మితే ముందు అది తీసి మిగిలింది చెరి సగం. మీ పర్యవేక్షణకు నెలకింత అని మీ ఖాతాలో జమ, మొహమాటపడి వదిలేయొద్దు. ఒకరు వదులుకోవాలనుకుంటే ముందు రెండోవారికే ఇవ్వాలి, ధర ఎలా కట్టాలో కూడా అందులోనే ఉండాలి.

ఆవిడ తరఫున సంతకాలకు పవర్ ఆఫ్ అటార్నీ కావాలంటే అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాలి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

గదులు వాడుకకు పంచుకోండి. మండువా, బావి, వీధరుగు ఉమ్మడి. మధ్యలో గోడ మాత్రం కట్టొద్దు, కడితే నీళ్ల వాలు తెగి రెండు సగాలూ కురుస్తాయి.

లోగిలి_చిన్నమ్మాయి

అందరికీ ధన్యవాదాలు. ఒక్క మాట. మేస్త్రి నాతో ఒకటి చెప్పి, అక్కకు ఫోన్ చేసి ఇంకోటి చెప్తున్నాడు. రేకుల సంగతి తనతో దాదాపు ఒప్పించేశాడు.

గానుగసున్నం

ఇద్దరికీ పడదని కనిపెట్టిన మేస్త్రి అదే చేస్తాడు. పురమాయింపు ఒక్కరిదే ఉండాలి, అదీ రాతలో. మీరూ అక్కగారూ మేస్త్రీ ఉన్న ఒక వాట్సాప్ గ్రూపు పెట్టండి, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదని మొదటిరోజే చెప్పండి. వారానికోసారి టేపు పెట్టి తీసిన ఫొటోలు, కొలతల పుస్తకంలో పేజీ, దాన్ని బట్టే చెల్లింపు. అడ్వాన్సు వారం కూలికి మించొద్దు.

వరస ఇలా పెట్టుకోండి. సంక్రాంతి తర్వాత జాకీలు, దూలం, కప్పు. ఏప్రిల్‌లో పంట కాలువలకు నీళ్లు ఆపేశాక నేల చెమ్మ దిగుతుంది, సిమెంటు చెక్కడం అప్పుడు. సున్నం పూత మాత్రం వచ్చే శీతాకాలానికే. వానలకు ముందు మండువాలో పది బిందెల నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించి, తూము బయటి మూతి దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. నీళ్లు వెంటనే రాకపోతే తూము ఎక్కడో నేల కింద పగిలినట్టే, మీ పూజగదికి చెదలు తెచ్చిన చెమ్మ అక్కణ్ణుంచేనేమో.